శుక్రవారం తూకం

"అమ్మకి ప్రోటీన్ బొత్తిగా చాలడం లేదు సార్," అంది హేమప్రియ. వేలూరు ఆస్పత్రిలో రోగులకు తిండి సంగతి చెప్పే డైటీషియన్ ఆమె.

చెంగల్రాయలు శెట్టికి ఎడమ చెవి మందం. ఆ గదిలో ఫ్యాను మోత అంతకన్నా మందం. ఆయనకు వినబడింది "రొటీన్".

"ఏమి చాలకపోయెనమ్మా? తెల్లారకముందే లేస్తాది, ముగ్గేస్తాది, పాలు కాస్తాది, కాఫీ ఇచ్చి నన్ను లేపుతాది. గడియారం తప్పినా ఈమె తప్పదు. ఇంకేం రొటీను కావల్ల మీకు?"

"సార్, నేను చెప్పేది తిండి గురించి..."

"తిండీ టయానికే!"

పక్కన కూర్చున్న ఆయన భార్య కమలాక్షి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ కాస్త నవ్వుకే ఆయాసం వచ్చింది. వెనక నిలబడ్డ ఆమె మేనల్లుడు దీపన్ వంగి, మామ కుడి చెవిలో అరిచాడు. "రొటీను కాదు మామా, ప్రోటీను! కండ కట్టే సరుకు!"

"ఆ సరుకా! అట్ట తెలుగులో చెప్పరాదా!" అన్నాడు శెట్టి. గదిలో అందరూ నవ్వారు.

నవ్వాల్సిన సంగతి కాదది. కమలాక్షికి పేగులో క్యాన్సర్ గడ్డ ఉంది. కోసి తీసేయవచ్చు, కానీ కోతకు తట్టుకునే ఒళ్ళు కాదన్నాడు సర్జన్. ఒంట్లో కండ కరిగిపోయింది. నెలన్నర గడువిచ్చాడు. అప్పటికి ఆమె చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేచి నిలబడాలి. నిలబడితే ఆపరేషన్.

హేమప్రియ ఓపిగ్గా చెప్పింది. ఒంటిని నడిపించేది కేలరీలు. అవి అన్నంలోనూ ఉంటాయి, నేతిలోనూ ఉంటాయి, చక్కెరలోనూ ఉంటాయి. కండను కట్టేది మాత్రం ప్రోటీన్. అది పప్పుల్లో, పెరుగులో, పనీరులో దొరుకుతుంది. తిన్నది కండ కావాలంటే కండకు పని పెట్టాలి. అందుకని పొద్దునా సాయంత్రం కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. ఈ ప్రోటీన్, పిండిపదార్థం, కొవ్వు మూడింటినీ కలిపి మాక్రోలంటారని కూడా చెప్పింది.

"మొన్న కరోనా, ఇప్పుడు మాక్రోనా!" అన్నాడు శెట్టి. ఈసారి సరిగ్గానే విన్నాడు. అర్థం చేసుకోవడమే తన పద్ధతిలో చేసుకున్నాడు.

గుడియాత్తం బజారులో ఆయనది పప్పుల కొట్టు. అక్కడ లెక్కల భాష తమిళం: వరవు, సెలవు. వరవంటే వచ్చేది, సెలవంటే ఖర్చయ్యేది. తిన్న కేలరీ వరవు, కదిలితే సెలవు. వరవు పెంచి సెలవు తగ్గిస్తే మిగులు తేలాలి. అది ఏ వ్యాపారికైనా తెలిసిన విద్య. ఇంట్లో తెలుగు మాట్లాడేటప్పుడు మాత్రం సెలవంటే విశ్రాంతి. శెట్టి రెండు భాషల సెలవునూ ముడేసి, ఖర్చు తగ్గించడానికి కమలాక్షికి విశ్రాంతి ఇచ్చాడు. వసారాలో పడక్కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

ఇక పథ్యం. ఒంట్లో గడ్డ ఉన్నవాళ్ళకు పప్పు పెట్టకూడదని ఆయన తల్లి చెప్పింది, ఆమెకు వాళ్ళ అత్త చెప్పింది. కందిపప్పు వాతం, శనగలు వాయువు, పెరుగు కఫం. ముందు కొట్టులో మూటల కొద్దీ పప్పు, వెనక ఇంట్లో ఆమె కంచంలో ఒక్క గింజ లేదు. నెయ్యి కారే మెత్తటి అన్నం, సగ్గుబియ్యం పాయసం, అరటిపండు, మళ్ళీ పాయసం. పప్పులో కాలేసేవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. పప్పు దగ్గరికే పోకుండా కాలేసినవాడు మా శెట్టి ఒక్కడే.

దీపన్ వేలూరు సత్తువాచారిలో జిమ్ము కోచ్. ఆదివారం బస్సెక్కి వచ్చి మేనత్త కంచం చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"మామా, ఇదంతా పెట్రోలు. గోడ కట్టను ఇటుకలు యాడ? అత్తకు కండ కావల్ల."

"కండే కదరా? కలకండ పెడతాండా. పేరులోనే ఉండాది!"

"మామా, ఎగతాళి కాదు."

"నీ జిమ్ములో ఇనప గుండ్లు ఎత్తించినట్టు మీ అత్తతో ఎత్తిస్తావా? నా కొట్టులో మూటలుండాయి, ఎత్తి చూపించు ముందు!"

దీపన్ అత్త ఎదురుగా నిలబడి చేతులు చాచాడు. "లే అత్తా, మెల్లగా." కమలాక్షి సగం లేచింది. నుదుట చెమట పట్టింది. శెట్టి పరుగున వచ్చి ఆమె భుజాలు పట్టి కూర్చోబెట్టాడు.

"పైసా పైసా కూడబెట్టినట్టు కూడబెడతా ఉంటే, ఒక్క లేపుడుకు సెలవు చేస్తావా! పో నాయనా, పొయ్యి నీ పిలకాయల్ని లేపుకో."

ఆయన ధైర్యమంతా ఒక్కదాని మీద. మూటలు తూచే కాటా. శుక్రవారం పొద్దున కొట్టు తెరవగానే దానికి పసుపు కుంకుమ పెట్టి కర్పూరం వెలిగించడం ఆ ఇంటి ఆచారం. హారతి ఆరాక కమలాక్షిని నడిపించుకొచ్చి దాని మీద నిలబెట్టేవాడు. ముల్లు వారం వారం ముందుకు జరిగింది. ఎదురు గుడ్డల కొట్టు అప్పాసామి బజారుకంతా వినబడేట్టు అడిగేవాడు.

"ఎంతప్పా శెట్టీ?"

"ఎక్కినాదిరా! వడ్డీ కన్నా బిరబిరా ఎక్కతాండాది!"

బజారు చప్పట్లు కొట్టేది. కమలాక్షి సిగ్గుపడి నవ్వేది.

ఒక సాయంత్రం ఆమె చేయి చాపింది. గాజులు జారి మోచేతి దాకా పోయాయి. "ఏమండీ, చేతులు పుల్లలయినాయి. కాళ్ళు మాత్రం లావయినాయి. మెట్టెలు బిగిసి నొప్పి చేస్తాండాయి."

"ఇల్లు లేచేది పునాది నుంచే కదే! ముందు కాళ్ళు, తర్వాత చేతులు. పైకి వస్తాది ఉండు."

కంసాలిని పిలిచి మెట్టెలు కత్తిరించి తీయించాడు. ఆ రోజు చక్కెర పొంగలి పంచాడు. ఆయన ఆ సంతోషంలో ఉండగా అడ్డం పడటం ఆమెకు చేతకాలేదు.

గడువు రోజున శెట్టి తెల్లచొక్కా వేసుకుని వేలూరు వెళ్ళాడు. సర్జన్ గదిలో కాలు పెడుతూనే చెప్పాడు. "అయ్యా, బాగా ఒళ్ళు చేసినాది. ఇంక ముహూర్తం పెట్టండి."

సర్జన్ కుర్చీ చూపించాడు. కమలాక్షి కూర్చుంది. "చేతులు పెట్టకుండా లేవండమ్మా."

ఆమె ముందుకు వంగింది. కాళ్ళు వణికాయి కానీ నడుము లేవలేదు. మళ్ళీ వంగింది. మొగుడి వైపు చూసింది. చేతులు వాటంతటవే కుర్చీ పట్టుకున్నాయి.

"కుర్చీకి ఈమె మీద ప్రేమ ఎక్కువ, వదల్లేదు," అన్నాడు శెట్టి. ఎవరూ నవ్వలేదు.

సర్జన్ ఆమె చీర అంచు కాస్త జరిపి, పిక్క ముందు ఎముక మీద బొటనవేలితో నొక్కి తీశాడు. మెత్తటి పిండిలో వేలు పెట్టినట్టు గుంట పడింది. ఆ గుంట పూడటానికి చాలాసేపు పట్టింది. శెట్టి దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

హేమప్రియ కంఠం తగ్గించి చెప్పింది. ఒంట్లో ప్రోటీన్ బాగా పడిపోతే రక్తంలో నీళ్ళు నిలవవు. బయటికి ఊరి కాళ్ళలో చేరుతాయి. కండ అప్పటికన్నా ఇంకా కరిగింది. కాటా ఎక్కింది నీళ్ళతో.

కొత్త స్కాన్ కూడా తీశారు. గడ్డ కాలేయానికి పాకింది. ఇక కోయడం కుదరదన్నారు.

"నేను పప్పు పెట్టుంటే?" అని అడిగాడు శెట్టి.

సర్జన్ స్కాన్ కాగితం బల్ల మీద పెట్టాడు. "అప్పుడు కూడా పాకి ఉండొచ్చు. పాకకముందే మేము కోసి ఉండొచ్చు. చెప్పలేను."

బస్సులో కమలాక్షి ఆయన భుజం మీద తల వాల్చింది. "పాయసం బాగుండిందండీ. అబద్ధం కాదు," అంది. ఆయనకు అది మందం చెవి వైపే అయినా స్పష్టంగా వినబడింది.

శుక్రవారం వచ్చింది. శెట్టి కొట్టు తెరిచాడు. కర్పూరం వెలిగించలేదు. అప్పాసామి రోడ్డు దాటి వచ్చాడు. వెనకే బజారువాళ్ళు నలుగురైదుగురు చేరారు. దీపన్ గడప దగ్గర నిలబడి ఉన్నాడు.

"యాడప్పా ఆయమ్మ? ఈ వారం ఎంత?" అన్నాడు అప్పాసామి.

"వచ్చినది ఒళ్ళు కాదప్పా, నీళ్ళు," అన్నాడు శెట్టి.

అందరూ గొల్లున నవ్వారు. శెట్టి నోట ప్రాస పడితే నవ్వడం వాళ్ళకు అలవాటు. నవ్వులు ఆగాక, ఆయన వ్యాపారం మాట్లాడే గొంతుతో మెల్లగా చెప్పాడు.

"నవ్వేదానికి చెప్పలా. బరువెక్కితే బలమెక్కినట్టని నేననుకున్నా, మీ అందరి చేత అనిపించినా. నేను పెట్టిందంతా ఒళ్ళు నడిచేదానికే సరిపోయె. కండ కట్టే తిండి నేను పెట్టలా, కండకు పని చెప్పనీలా. వీడు చెప్పినాడు, నేను వినలా. కండ కరిగి, ఆ జాగాలో నీళ్ళు చేరినాయి. ఆపరేషన్ లేదన్నారు. ఇంక ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళే."

అప్పాసామి భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మూట తడిస్తే బరువు పెరగతాది. బియ్యం పెరిగినట్టా? బజారులో మనకందరికీ తెలుసు కదప్పా ఇది. చెయ్యి లోపలికి పెట్టి, గింజ పట్టి చూడకుండా ఏ మూటా దించుకోం. ఇంటి మనిషిని మాత్రం నేను పట్టి చూడలా. తూచినా, అంతే."