నిలబడినవాళ్ళ చెవి ఎత్తు

పొద్దున్నే బస్‌స్టేషన్ తలుపులు తీయగానే ఊడ్చే పెద్దమ్మ ముందుగా విచారణ కిటికీ దగ్గర చీపురు పడుతుంది. మాటలు ఎక్కువగా రాలేది అక్కడే. ఎవరితో అన్నారో వాళ్ళ చెవికి అందకపోతే మాట చొక్కా గుండీలా టప్పున కింద పడిపోతుంది కదా, అవన్నమాట. ఇళ్ళల్లో అయితే రోజుకి నాలుగో ఐదో రాలతాయి. కొత్తగా పెళ్ళయిన ఇళ్ళల్లో ఇంకా తక్కువ, పాతబడ్డ ఇళ్ళల్లో కాస్త ఎక్కువ. ఈ కిటికీ ముందు మాత్రం చేటెడు రాలతాయి. పెద్దమ్మ ఒక్కో గుండీని చెవికి ఆనించుకుని ఎవరిదో పోల్చుకుని, వాళ్ళ డబ్బాలో వేసి దాస్తుంది. అడిగితే ఇచ్చేస్తుంది. ఎవరూ అడగరు.

"గుసగుస బాబు డబ్బా మళ్ళీ నిండింది," అని గొణుక్కుంది ఆ రోజు.

గుసగుస అంటే కిటికీ లోపల, మందపాటి అద్దం వెనక కూర్చునే గుమాస్తా. పాపం, ఆయన గొంతు దూదిలో చుట్టి పెట్టినట్టుంటుంది. పదకొండో గేటు అని చెప్తే జనం ఏడో గేటుకి పోయి బస్సు తప్పించుకుని, తిరిగొచ్చి ఫిర్యాదు రాసిపోతారు. అందులో సగంమంది చెవి మిషన్ పెట్టుకున్న పెద్దవాళ్ళు. వాళ్ళ కోసమే కిటికీ ముందు నేలలో చుట్టూతా ఒక రాగి తీగ పరిచారు. దాన్ని లూప్ అంటారు. గుమాస్తా మైకులో అన్న మాట ఆ తీగలోంచి, హాలు రొద ఏదీ అంటుకోకుండా, నేరుగా చెవి మిషన్‌లోకి వచ్చేస్తుంది. రావాలి మరి. వస్తోందో లేదో కొలిచి కాగితం రాసిచ్చేది మీటరమ్మాయి. ఆమెకీ రెండు చెవులకీ మిషన్లే.

ఆ రోజు ఆమె రావడం మూడోసారి. బస్‌స్టేషన్ పెద్దసారు తన గదిలోంచే గట్టిగా చెప్పాడు.

"చూడమ్మా, తీగ రెండుసార్లు పాసైంది. ఇవాళ కూడా పాసైతే ఇక తప్పు వీడి గొంతుదే. సామాన్ల గదిలో పడేస్తా. పెట్టెలతో చెప్పుకుంటాడు గుసగుసలు."

మీటరమ్మాయి మడత స్టూలు వేసుకుని కూర్చుంది. ఎప్పట్లాగే కూర్చున్న మనిషి చెవి ఎత్తుకి కర్ర నిలబెట్టి, దానికి మీటరు బిగించి, తీగ లోపల అన్ని మూలలూ కొలిచింది. బలం చాలినంత ఉంది. మూలకీ మూలకీ మూడు డెసిబెల్స్ తేడా మించకూడదు, మించలేదు. కీచు శబ్దం, బొంగురు శబ్దం సమానంగా వస్తున్నాయి. కరెంటు జుమ్మనడం లేదు.

"ఇప్పుడు మాట స్పష్టత. ఏదైనా చదవండి," అంది.

"పదకొండో గేటు. బస్సు పది నిమిషాలు ఆలస్యం," అని చదివాడు గుసగుస.

పక్కనే కూర్చుని తనొక్కదానికే చెప్పినట్టు వినబడింది. పదకొండో గేటు ఇంత బాగుంటుందని ఆమెకి ఎప్పుడూ తెలీదు.

సంతకం పెడదామని లేచి నిలబడింది. అతని పెదాలు ఇంకా కదులుతున్నాయి. చెవుల్లో మాత్రం ఎక్కడో దూరంగా వాన పడుతున్నట్టు ఒక మసక. కాళ్ళ దగ్గర టప్ టప్‌మని ఏవో రాలాయి.

మొదటిసారీ ఇంతే, రెండోసారీ ఇంతే. కూర్చుంటే ఇంత దగ్గరగా ఉండే మనిషి లేవగానే ఎక్కడికి పోతున్నాడు? తీగ బాగుంది. మీటరు బాగుంది. మిషన్ బ్యాటరీలు నిన్ననే మార్చింది. అంటే బాగాలేనిది తనేనా? ఈయన ఎదురుగా నిలబడితే తనకేమైనా అవుతోందా? అలా అనుకోగానే మిషన్లతో సహా చెవులు వేడెక్కాయి. ఏం తోచక, సరిగా వినబడనివాళ్ళందరూ చేసే పనే చేసింది. విన్నట్టు తలూపింది.

అద్దం వెనక అతని మొహం వాడిపోయింది. తలూపుతోంది, మళ్ళీ పాస్ రాయడానికి పెన్ను తీస్తోంది! ఈ అమ్మాయి ఏమిటో అతనికీ అర్థం కాలేదు.

"అమ్మాయ్, కాలు తియ్యి, తొక్కేస్తున్నావు," అంది పెద్దమ్మ చీపురుతో.

"ఎవరివి పెద్దమ్మా ఇవి?"

"ఇంకెవరివి, లోపలాయనవి. నీతో అన్నవే. పోయిన రెండుసార్లవీ దాచిపెట్టా, అడుగుతావేమోనని. నువ్వేమో వెనక కుక్క తరిమినట్టు పోతావు."

"నాతో అన్నవా?"

"కాదు, నాతో! పట్టు."

మీటరమ్మాయి ఒక్కో గుండీనీ మిషన్‌కి ఆనించింది. మొదటిసారిది: "మేడం, నిలబడి కూడా కొలవండి. ఇక్కడ కుర్చీలు తీసేసి ఏడాదైందండి." రెండోసారిది: "పోయినసారి చెప్తే తలూపారు కదండీ, మర్చిపోయారా?" కాలికింద నలిగినది ఇవాళ్టిది: "కూర్చున్నవాళ్ళకే చేరుతోందండి, నిలబడ్డవాళ్ళకి చేరట్లేదు." చివరి గుండీ ఇంకా వెచ్చగా ఉంది: "సరేలెండి. సామాన్ల గదికి పోతే పోయాను. మీరొచ్చిన మూడు రోజులూ బాగున్నాయి."

ఆమె తన కాగితం తీసి చూసుకుంది. చెవి ఎత్తు: కూర్చున్నవారు. కుర్చీలున్న రోజుల్లో ఎవరో గీసిన పాత పటం చూసి, మూడుసార్లూ అలాగే రాసేసింది. స్టూలు మడిచి పక్కన పెట్టి, కర్రని నిలబడ్డ మనిషి చెవి ఎత్తుకి సాగదీసింది. అంకె జారిపోయింది. మూడు దాటకూడనిది తొమ్మిది డెసిబెల్స్ పడిపోయింది.

"ఫెయిల్ సార్," అంది.

పెద్దసారు గదిలోంచి బయటికొచ్చాడు. "అదేంటమ్మా! రెండుసార్లు పాసన్నావుగా?"

"కూర్చున్నవాళ్ళకి పాసే సార్. తప్పు నాదే. ఇక్కడ కూర్చునేవాళ్ళేరీ?"

పెద్దసారు చుట్టూ చూశాడు. కుర్చీలు తీయించింది ఆయనే. "వరస తొందరగా కదులుతుందని..." అని నసిగాడు. అది ఎవరికీ వినబడలేదు. పెద్దమ్మ ఆ గుండీ ఏరి, ఆయన పేరున ఒక కొత్త డబ్బా మొదలుపెట్టింది.

సామాన్ల గది మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. రెండు వారాలకి తీగ మార్చారు. మీటరమ్మాయి నాలుగోసారి వచ్చింది. స్టూలు తేలేదు. ఆమె కుర్తా చేతి అంచున రంగు కలవని గుండీ ఒకటి కొత్తగా కుట్టి ఉంది. అన్నీ నిలబడే కొలిచింది. అన్నీ పాస్. కాగితం మీద సంతకం పెట్టి, మీటరు సంచిలో సర్దుకుని, ఇంక పనేమీ లేకపోయినా కిటికీ ముందే నిలబడిపోయింది.

గుసగుస మైకు దగ్గరికి వంగి ఏదో అన్నాడు. ఆమె నవ్వి, ఈసారి నిజంగానే తలూపింది.

పెద్దమ్మ చేట పట్టుకుని కాసేపు కాచుకుంది. అతనేమన్నాడో ఆవిడకి ఇప్పటికీ తెలీదు. కింద ఏమీ పడలేదు.