కూర్చుని వేసుకునే బిళ్ళ

"నీ మందులన్నీ ఒకేసారి మింగెయ్యవోయ్, టైం కలిసొస్తుంది" అన్నాడు లెక్కల మాస్టారు, ఆదివారం పొద్దున్న పేపరు విప్పుతూ.

అప్పుడు ఆయన భార్య వారానికి సరిపడా మందులు సర్దుతోంది. మాస్టారిది ఏడు గదుల నీలం డబ్బా, అందులో బీపీ బిళ్ళలు. అత్తగారిది ఆకుపచ్చ డబ్బా, అందులో షుగర్‌వీ కీళ్ళవీ. ఏది తినక ముందో, ఏది తిన్నాకో, ఏది సగానికి విరవాలో, అన్నీ ఆమెకి కంఠతా వచ్చు. వేళకి బిళ్ళ అరచేతిలో పెట్టి, గోరువెచ్చని నీళ్ళు అందించి, గొంతు దిగేదాకా చూసి గ్లాసు పట్టుకుపోయేది. పదకొండేళ్ళలో ఆ ఇంట్లో ఎవరికీ ఒక్క పూట మందు తప్పలేదు. ఆమె మందులకి మాత్రం డబ్బా లేదు. మూత పోయిన బిస్కెట్ల టిన్నులో పడుండేవి, కత్తెరా దారపుండలతో కలిసి. అందరికీ అయ్యాక కదా ఆమెకి!

ఆమె సిటీ బస్సు నడుపుతుంది. ఇంట్లో ఏమని పిలిచినా డిపోలో మాత్రం "మెత్తబ్రేకమ్మ." నలభై రెండు స్టాపుల రూట్లో ఆమె బ్రేకు వేస్తే నిలబడ్డ ముసలివాళ్ళు కూడా తూలరు. ఆ పేరు పెట్టింది ఎకసెక్కానికే అయినా, రెండేళ్ళు తిరిగేసరికి కొత్త డ్రైవర్లకి "ఆవిడ పక్కన కూర్చుని చూడండయ్యా" అని మేనేజరే చెప్పే దాకా వచ్చింది. స్టీరింగు వెనక కూర్చున్న ఎనిమిది గంటలే రోజు మొత్తంలో ఆమె కూర్చునేవి. వెనకనించి ఎవరూ "ఏమోయ్" అని పిలవరు. పిలిస్తే పక్కనే బోర్డుంది, డ్రైవరుతో మాట్లాడరాదు అని. అలాంటి బోర్డు ఒకటి వంటింట్లో కూడా ఉంటే ఎంత బాగుండునని ఎన్నిసార్లనుకుందో.

అలాంటి మనిషికి ఎడమ కాలు మొరాయించింది. అంతకుముందు నుంచే నెలనెలా విపరీతంగా రక్తం పోయేది. "ఆడవాళ్ళకి మామూలే" అని అత్తగారు, "బయటి తిండి మానెయ్" అని మాస్టారు. మూడేళ్ళు అలా మామూలుగానే గడిపి చివరికి ఆస్పత్రిలో పడితే, ఐరన్ డ్రిప్ ఎక్కించారు. రక్తం పెరిగింది. కానీ కొన్ని వారాలకి కొత్త బాధ మొదలైంది. పిక్కలు గుంజడం, పాదాల ఎముకలు నొక్కితే ప్రాణం పోవడం, మెట్లెక్కాలంటే కమ్మీ పట్టుకోవడం. ఒక సాయంత్రం సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కిన కాలు గజగజ వణికి జారింది. బస్సు ఒక్క ఎగురు ఎగిరి ఆగిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఎవరూ అడక్కముందే ఆమే మేనేజరు దగ్గరికి వెళ్ళి, నాకు కాలు బాగయ్యేదాకా బండివ్వకండి అని చెప్పింది.

పరీక్ష చేస్తే ఒంట్లో ఫాస్ఫేట్ అట్టడుగుకి పడిపోయిందని తేలింది. ఆ రకం ఐరన్ డ్రిప్ తర్వాత కొందరికి అలా అవుతుందట. డాక్టరమ్మ ఫాస్ఫేట్ బిళ్ళలు రాసింది, నీళ్ళలో వేస్తే బుసబుస పొంగేవి, రోజుకి మూడు. మేనేజరు ఆరు వారాల గడువిచ్చాడు. ఆలోగా రిపోర్టు బాగుంటే స్టీరింగు, లేకపోతే టికెట్ కిటికీ. అదీ ఎప్పటికీ.

ఇంట్లో ఈ కబురు విని సంబరపడ్డారు. కిటికీ అయితే నయం, మూడింటికల్లా ఇంటికొచ్చేస్తావు అని మాస్టారు. ఆడపిల్లకి అంత పెద్ద బండేమిటని నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నాను అని అత్తగారు. ఆ మూడింటి నుంచి ఏడింటి దాకా ఎవరి పనులు కాచుక్కూర్చున్నాయో ఆమెకి తెలియదూ?

కాబట్టి బిళ్ళలు వేసుకుంది, ఆశగా వేసుకుంది. ఎలా వేసుకుందో మాత్రం అడక్కండి. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది సింకు దగ్గర నిలబడే నోట్లో కుక్కుకుని, అరగ్లాసు నీళ్ళలో బిళ్ళ పడేసి, అది పూర్తిగా కరగకుండానే గటగటా తాగేసేది. ఎముకల నొప్పులకి కాల్షియం మంచిదే అమ్మాయ్ అని అత్తగారు తన సీసాలోంచి తీసి ఇచ్చిన బిళ్ళ దాని వెనకే. పాపం ఆవిడ ప్రేమగానే ఇచ్చింది, తనకి తగ్గించుకుని మరీ. నిలబడి తిన్నందుకు గుండెల్లో మంట కదా, దానికి తెల్లటి గ్యాస్ మందు రెండు చెంచాలు. అన్నీ ఒక్క గుక్కలో. మధ్యాహ్నం మర్చిపోయిన రోజున సాయంత్రం రెండు బిళ్ళలు ఒకే గ్లాసులో. ఆ మర్నాడు పొద్దున్నంతా బాత్రూముకి పరుగులు. మాస్టారు చెప్పినట్టే టైం కలిసొచ్చింది!

నాలుగు వారాలకి రిపోర్టు వస్తే, అంకె ఉన్నచోటే ఉంది, గోడకి కొట్టిన మేకులాగా.

డాక్టరమ్మ పెన్ను తీసింది, మోతాదు పెంచుదామా అన్నట్టు. మళ్ళీ ఏమనుకుందో పెన్ను మూసి, బల్ల మీదున్న కాగితం కప్పు ఆమె ముందుకి జరిపింది.

"మీరు రోజూ ఎలా వేసుకుంటున్నారో చేసి చూపించండమ్మా. ఉన్నదున్నట్టు."

మన మనిషి లేచి నిలబడింది. కూర్చోండి అంటే, "కూర్చుని వేసుకోనండీ" అంది. ఉత్తుత్తి బిళ్ళ కప్పులో వేసింది, తాగింది, కాల్షియం మింగింది, గ్యాస్ మందు పోసుకుంది. చివర్లో చేతులు చీరకి తుడుచుకుంటూ "వస్తున్నా" అని అక్కడ లేని ఎవరికో సమాధానం కూడా చెప్పింది. డాక్టరమ్మకి మొదట నవ్వొచ్చింది. ఆ "వస్తున్నా" దగ్గర నవ్వు ఆగిపోయింది.

తర్వాత ఆవిడ నిదానంగా విడమరిచి చెప్పింది. కాల్షియం, ఆ తెల్లటి గ్యాస్ మందు కడుపులో ఫాస్ఫేట్‌ని పట్టుకుని వదలవు, ఒంటికి అందకుండానే బయటికి లాక్కుపోతాయి. వాటికీ దీనికీ గంటల ఎడం ఉండాలి. అసలు మీకు కాల్షియం ఎవరు రాశారు? నేను రాయందేదీ నన్నడక్కుండా కలపొద్దు, ఎవరి సీసాలోది ఎంత ప్రేమగా ఇచ్చినా సరే. తిన్నాక వేసుకోండి. బిళ్ళ పూర్తిగా కరగాలి, బుడగలు చల్లారాలి, అప్పుడు నెమ్మదిగా తాగాలి. రోజంతా నీళ్ళు బాగా తాగండి. ఒక పూట మరిచిపోతే ఆ పూట వదిలెయ్యండి, రెండు కలిపి వేసుకోకండి. విరేచనాలు పట్టుకుంటే ఓర్చుకోకండి, నాకు ఫోన్ చెయ్యండి. మీ కిడ్నీలు బాగున్నాయని చూశాకే రాశాను, అందుకని ఇవి మీవే, ఇంట్లో ఇంకెవరివీ కావు. పెంచడం, తగ్గించడం, ఆపడం రక్తపరీక్ష చూసి నేను చెప్తాను.

"మందు మంచిదేనమ్మా. దానికి మీరు చోటివ్వలేదు" అంది చివర్లో.

ఆస్పత్రి మెట్లు దిగుతుంటే కాళ్ళు వణుకుతున్నాయి కానీ మనసు గంతులేస్తోంది. అంటే తన ఒళ్ళు చచ్చుబడిపోలేదు! ఈ కాలు మళ్ళీ క్లచ్ తొక్కగలదు! పదకొండేళ్ళుగా ఇద్దరికి బిళ్ళకీ బిళ్ళకీ మధ్య గంటలు లెక్కపెట్టి, తిన్నాకా తినకముందా అని చూసి చూసి అందించిన మనిషి, తన నోటి దగ్గరకి వచ్చేసరికి అన్నీ కలిపి చెత్తబుట్టలో వేసినట్టు వేసేసుకుంది. తెలియక కాదు. తెలుసు, వాళ్ళకైతే తెలుసు. తన కడుపు కూడా ఒక కడుపేనని తట్టలేదు, అంతే. ఆ సంగతి తట్టగానే బస్ స్టాపులో నిలబడి ఫక్కున నవ్వింది, వెంటనే కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. పక్కనున్నావిడ ఎందుకైనా మంచిదని రెండడుగులు జరిగి నిలబడింది. ఇంకా పద్నాలుగు రోజులున్నాయి. పద్నాలుగు మూళ్ళు నలభై రెండు. సరిగ్గా తన రూట్లో స్టాపులన్ని! ఒక్క స్టాపు కూడా వదలకూడదనుకుంది.

దారిలో తనకోసం ఒక డబ్బా కొంది. ఎర్రది.

మర్నాటి పొద్దున్న మాస్టారితో, అత్తగారితో పాటే కుర్చీ లాక్కుని కూర్చుంది. కంచంలో వేడివేడిగా పెట్టుకుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తినడం పూర్తయ్యాక గ్లాసులో బిళ్ళ వేసింది. అది బుస్సుమంటూ పొంగుతుంటే మాస్టారు ఖాళీ అరచెయ్యి చాపి, "నా బీపీ బిళ్ళ?" అన్నాడు.

"నీలం డబ్బాలో, ఇవాళ్టి గదిలో ఉందండీ. బుడగలు చల్లారేదాకా నేను లేవకూడదు."

ఆయన చాపిన చెయ్యి కాసేపు గాలిలోనే ఉంది. తర్వాత లేచి వెళ్ళి డబ్బా వెతుక్కున్నాడు. నాలుగు అడుగుల దూరం, అదేదో కొండెక్కి దిగినట్టు నిట్టూర్చాడు. అత్తగారు ఇచ్చిన కాల్షియం బిళ్ళ ఆమె తిరిగిచ్చేసి, నా కోసం తగ్గించుకోకండి అత్తయ్యా, ఇది మీకు రాసింది అని చెప్పింది. ఆవిడ మూతి ముడుచుకుంది. మంచికి పోతే చెడెదురైందని ఆ రోజంతా గోడతో చెప్పుకుంది.

నాలుగో రోజుకల్లా ఇల్లు కొంచెం దారికొచ్చింది, కొంచెం అలకపాన్పెక్కింది. మధ్యాహ్నం భోజనానికి మాస్టారు బడి నుంచి వచ్చి, ఇదేం వైద్యం, మనిషిని కుర్చీకి కట్టేసే వైద్యం అన్నాడు. ఇంకోరోజు, నాకూ నీరసంగానే ఉంటోంది, నాకూ ఒకటి పొంగించు అన్నాడు. అప్పుడు మాత్రం ఆమె గ్లాసు దగ్గరికి లాక్కుంది. ఇందులో పొటాషియం కూడా ఉందిట, మీరు బీపీ మందుల మీదున్నారు, మీ డాక్టర్ని అడక్కుండా చుక్క కూడా ఇవ్వనని ఖచ్చితంగా చెప్పేసింది. పెళ్ళయ్యాక ఆయన అడిగింది ఇవ్వననడం అదే మొదటిసారి. అదీ ఆయన మేలుకోసమే కాబట్టి ఎలా కోప్పడాలో ఆయనకి తెలియలేదు.

ఆ గ్లాసు ముందు గడిపే నాలుగైదు నిమిషాలు ఎంత పెద్దవో! బిళ్ళ అడుగున గిరగిరా తిరిగి పైకి లేస్తుంది, సన్నటి తుంపర ముక్కు మీద చల్లగా పడుతుంది, చప్పుడు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోతుంది. ఆ కాస్సేపట్లో ఆమె కిటికీలోంచి వీధిని చూసేది, తన రూటు మనసులో నడుపుకునేది. ఒక్కోసారి ఏమీ ఆలోచించేది కాదు. ఏమీ ఆలోచించకుండా ఉండటం తనకి వచ్చని అప్పుడే తెలిసింది. ఎడమ పాదం బల్ల కాలికి ఆనించి నొక్కి చూసేది. మొదటి రోజుల్లో నొప్పికి పళ్ళు బిగబట్టేది. తొమ్మిదో రోజున నొక్కితే నొప్పి సగమే ఉంది. పదకొండో రోజున కమ్మీ పట్టుకోకుండా మేడెక్కి, పైన ఎవరూ లేకపోయినా చప్పట్లు కొట్టుకుని, దిగి, మళ్ళీ ఎక్కింది. బట్టలారేస్తున్న పక్కింటావిడ ఏమైందమ్మా అంటే, కాలొచ్చిందండీ అని చెప్పింది.

గడువు రోజున రక్తపరీక్షలో అంకె ఉండాల్సిన చోటికి వచ్చింది. డాక్టరమ్మ రిపోర్టు రెండుసార్లు చూసి, ఇక బిళ్ళలు ఆపెయ్యొచ్చు, నెల తర్వాత ఒకసారి మళ్ళీ పరీక్ష చేద్దాం అంది. రక్తం పోవడం సంగతి కూడా ఇక మామూలే అని వదిలెయ్యడానికి వీల్లేదని పెద్దాస్పత్రికి చీటీ రాసిచ్చింది. అక్కణ్ణుంచి సరాసరి డిపోకి. మేనేజరు ఖాళీ బస్సిచ్చి ఆవరణంతా తిప్పమన్నాడు. క్లచ్ మీద కాలు పెట్టింది. కాలు మాట విన్నది. మూడు చుట్లు తిప్పి, పక్క సీట్లో ఆయన మోకాలి మీద పెట్టుకున్న నిండు టీ గ్లాసు తొణక్కుండా ఆపింది. ఆయన టీ ఒక గుక్క తాగి, రేపు పొద్దున్న మొదటి ట్రిప్పు నీదేనమ్మా అన్నాడు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆ కబురు చెప్పేసింది. దాచుకోవడం ఆమె వల్ల కాలేదు, మొహమంతా నవ్వే. స్టీరింగు సంగతి విని మాస్టారు ఊఁ అన్నాడు. బిళ్ళలు ఆపేశారని విన్నాక మాత్రం మొహం విప్పారింది. అలవాటుగా అరచెయ్యి చాపాడు.

"హమ్మయ్య. అయితే ఇక ఎప్పట్లాగేగా?"

ఆమె ముందు గ్లాసులో ఉత్త మంచినీళ్ళు. ఒక్క బుడగ లేదు. ఆమె లేవలేదు.

"డాక్టరుగారు బిళ్ళ ఆపమన్నారండీ. కూర్చోవడం ఆపమనలేదు."

అప్పుడు పొయ్యి దగ్గర నుంచి అత్తగారి గొంతు వినిపించింది. రెండు వారాలుగా బల్ల దగ్గర కోడలుంటుందని అలిగి, ఆవిడ అక్కడే నిలబడి తింటోంది. ఆ గొంతులో ఇప్పుడు అలక లేదు.

"నేను కోడలిగా ఉన్నన్నాళ్ళూ నాకు ఏ డాక్టరూ అలా రాసివ్వలేదే అమ్మాయ్."

ఆమె బల్ల కింద నుంచి ఎడమ కాలు చాచింది. క్లచ్ తొక్కినంత మెత్తగా, ఎదుటి ఖాళీ కుర్చీని బయటికి నెట్టింది.