వంపు ఎవరు పట్టారు

"అది కోపం కాదు, కుళ్లు. నీ ఉస్తాద్ కన్నబిడ్డను చూసి నీకు కుళ్లు," అంది కళావతి, పెనం మీద రొట్టె తిరగేస్తూ. దుర్గయ్య కంచం ముందు నుంచి లేచిపోయాడు. భార్య మాట అబద్ధమైతే అంత మండేది కాదు.

శాలిబండలో దుర్గయ్య షెడ్డుకు ఎదురుగా, రోడ్డుకు అవతలి పక్క, నాలుగు నెలల కిందట హిబా వీల్ అలైన్‌మెంట్ షాపు తెరిచింది. హిబా ఇషాక్ ఉస్తాద్ చిన్న కూతురు. డిప్లొమా చదివి, ఆరేళ్లు ఒక కంపెనీ వర్క్‌షాప్‌లో పనిచేసి వచ్చింది. దుర్గయ్యకు పానా పట్టడం నేర్పింది ఆ ఇషాక్ ఉస్తాదే. చక్కెర జబ్బుతో చూపు పోయాక షెడ్డును దుర్గయ్య చేతిలో పెట్టాడు. పెట్టి ఊరుకోలేదు. తొమ్మిదేళ్లపాటు రోజూ పొద్దున్నే వచ్చి గడప పక్కన కూర్చునేవాడు. బండి చప్పుడు విని, "ఎడమ పక్క బేరింగ్ చూడు దుర్గా," అనేవాడు. చూస్తే అదే అయ్యేది. గిరాకీలు ఉస్తాద్‌కు సలాం చెప్పి, పని దుర్గయ్యకు చెప్పేవారు.

హిబా షాపు తెరిచిన రోజు నుంచి ఉస్తాద్ కుర్చీ అటు మారింది. అడిగి మారలేదు, చెప్పి మారలేదు. రోడ్డు దాటితే ఇరవై అడుగులు. ఆ ఇరవై అడుగులు దుర్గయ్య ఈ నాలుగు నెలల్లో ఒక్కసారీ దాటలేదు. తన షెడ్డులో బండి కింద పడుకుని పనిచేస్తూ, చక్రాల మధ్య నుంచి అవతల ఉస్తాద్ చెప్పులు కనిపిస్తున్నాయా లేదా అని మాత్రం చూసేవాడు.

అలాంటి రోజుల్లో మురళి బండి వచ్చింది.

మురళికి ఉప్పుగూడలో పాల వ్యాపారం. వారమంతా పాలు, ఆదివారం అడవి. పాత ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కు ఒకటి కొని, పెద్ద టైర్లు వేయించి, స్నేహితులతో వికారాబాద్ వైపు రాళ్లలో, వాగుల్లో తిప్పుతుంటాడు. ఈసారి వాగు దాటుతుంటే ముందు ఎడమ చక్రం బండరాయికి గట్టిగా కొట్టుకుంది. అప్పటినుంచి బండి ఎడమకు లాగుతోంది. సీదాగా పోతున్నా స్టీరింగ్ వంకరగా ఉంటోంది.

దుర్గయ్య కిందికి దూరి చూశాడు. రెండు ముందు చక్రాలను కలిపే టై రాడ్డు విల్లులా వంగి ఉంది. కొత్తది వేశాడు. చక్రాల ముందు, వెనక టేపుతో కొలిచి సరిచేశాడు. స్టీరింగ్ నిటారుగా వచ్చింది.

మూడో రోజు మురళి మళ్లీ వచ్చాడు.

"దుర్గన్నా, సీదా రోడ్డుల మంచిగనే పోతున్నది. మలుపు తిప్పితే మాత్రం టైరు ఈడ్చుకపోతున్నది. కీచుమంటున్నది."

"పెద్ద టైర్లు గదా తమ్మీ, గట్లనే ఉంటది. నాలుగు రోజులు నడుపు, సర్దుకుంటది."

ఆ మాట అంటున్నప్పుడే దుర్గయ్యకు తన మాట మీద నమ్మకం లేదు. మురళికీ కలగలేదు. ట్రక్కును వెనక్కి తీసి, రోడ్డుకు అడ్డంగా తిప్పి, నేరుగా హిబా షాపులో పెట్టాడు.

అరగంట దాకా దుర్గయ్య ఒకే నట్టును తుడుస్తూ కూర్చున్నాడు. హిబా బండిని మిషన్ ఎక్కించలేదు. నేల మీద చాక్‌పీస్‌తో గీతలు గీస్తోంది. స్టీరింగ్ ఎడమకు తిప్పించి ఒక గీత, కుడికి తిప్పించి ఇంకొకటి. ఉస్తాద్ కుర్చీ అంచుకు జరిగి, "ఎంతొచ్చింది బేటా?" అని మాటిమాటికీ అడుగుతున్నాడు. ఆ గొంతులో ఉత్సాహం దుర్గయ్యకు బాగా తెలిసినదే. ఒకప్పుడు అది తనకోసం ఉండేది.

ఇక ఉండలేక రోడ్డు సగం దాకా వెళ్లి నిలబడ్డాడు.

"రా చాచా, నువ్వు గూడ చూడు," అంది హిబా. "ఎడమకు తిప్పినప్పుడు లోపలి చక్రం బయటిదానికంటె ఎంత ఎక్కువ తిరుగుతదో, కుడికి తిప్పినప్పుడు గూడ గంతే రావాలె. ఈడ రెండిటికి మస్తు ఫరక్ ఉంది. నువ్వేసిన రాడ్డు మంచిగనే ఉంది. ఎడమ చక్రం కాడ స్టీరింగ్ ఆర్మ్ వంగింది."

చక్రాన్ని తిప్పే ఆ ఇనుప చెయ్యిని దుర్గయ్య అంతకుముందే రెండుసార్లు చూశాడు. బురద కింద వంపు కంటికి ఆనలేదు. అతను హిబాను వదిలి ఉస్తాద్ వైపు తిరిగాడు.

"ఉస్తాద్, ఈ గీతల లెక్క నాకెన్నడు చెప్పకపోతివి."

"నాకు తెలిస్తె గదరా చెప్పెటందుకు!" ఇషాక్ నవ్వాడు. "నాకే ఇది నేర్పుతున్నది. చూసినవా నా బిడ్డను?"

తనకు దాచిపెట్టి కూతురికి నేర్పి ఉంటే దుర్గయ్య ఉస్తాద్‌ను తిట్టుకునేవాడు. ఇప్పుడు తిట్టుకోవడానికీ ఏమీ మిగల్లేదు. "చూసిన," అని వెనక్కి వచ్చేశాడు.

కొత్త ఆర్మ్ రావడానికి నాలుగు రోజులు పడుతుందని, అప్పటిదాకా బండి తీయొద్దని హిబా చెప్పింది. మురళికి అది మింగుడుపడలేదు. ఆదివారం పదిహేను బండ్లు అడవికి పోతున్నాయి. ముందుండి దారి చూపాల్సింది తనే. సాయంత్రం కాకముందే మళ్లీ దుర్గయ్య దగ్గరికి వచ్చాడు.

"అన్నా, ఆ పిల్ల కొత్త పార్టు లేంది పని చెయ్యనంటున్నది. నువ్వు కాల్చి సీదా చెయ్యరాదే? ఎన్ని లారీలకు చెయ్యలే నువ్వు!"

దుర్గయ్యకు సంతోషమేసింది. ఎదుటి షాపు కాదన్న పనిని తను చేసి చూపిస్తాడు. పదిహేను బండ్లవాళ్ల ముందు మురళి తన పేరే చెబుతాడు. ఆ సంతోషం మంచిది కాదని మనసులో ఎక్కడో తెలుస్తూనే ఉంది. అయినా, "తీస్క రా," అన్నాడు.

చక్రం ఊడదీసి, బోల్టులు విప్పి, ఆర్మ్‌ను బయటికి తీశాడు. బురద కడిగితే వంపు కనిపించింది. బొటనవేలంత ఉంది. బల్ల మీది వైసుకు బిగించి గ్యాస్ వెలిగించాడు. నీలి మంట బుస్సుమంది. అప్పుడు అతని చెయ్యి ఆగింది.

కాల్చే ముందు ఇనుమును కిరోసిన్‌లో ముంచి, తుడిచి, సుద్దపొడి చల్లి చూడాలి. పగులుంటే అందులోకి దూరిన నూనె పొడిలోకి ఊరి గీతలా కనిపిస్తుంది. ముప్పై ఏళ్లలో ఈ పని మానలేదు. ఈ రోజు మాత్రం మానాలనిపించింది. ఏదైనా కనిపిస్తే చేతికొచ్చిన గెలుపు పోతుంది.

మంట ఆర్పి, ఆర్మ్‌ను వైసు నుంచి విప్పి, ముంచి, తుడిచి, పొడి చల్లాడు. ఒక నిమిషం ఏమీ లేదు. తర్వాత బోల్టు రంధ్రం పక్క నుంచి వెంట్రుకంత తడి గీత పైకి తేలి, సగం చుట్టు తిరిగింది.

షెడ్డులో అతనొక్కడే ఉన్నాడు. మురళి బయట ఫోన్లో మాట్లాడుతున్నాడు. గీత మీద కొంచెం గ్రైండింగ్, కొంచెం వెల్డింగ్, పైన నల్ల రంగు. ఎవరికి తెలుస్తుంది? ఆదివారం గడిచిపోవచ్చు కూడా. అవతల హిబా ఏదో అంటే ఉస్తాద్ పగలబడి నవ్వాడు. దుర్గయ్య గ్రైండర్ వైపు చెయ్యి చాచాడు కూడా. కానీ ఆ ట్రక్కు పక్క సీట్లో మురళి భార్య స్రవంతి కూర్చుంటుంది. పోయిన దసరాకు ఆ సీటు బెల్టు బిగించి ఇచ్చింది తనే. వాలులో దిగుతుంటే ఈ చెయ్యి విరిగితే చక్రం తన ఇష్టానికి తిరుగుతుంది. స్టీరింగ్ ఎంత తిప్పినా వినదు.

అతను గ్యాస్ గొట్టం చుట్టి పక్కన పెట్టేశాడు.

"చెయ్య, మురళీ. ఇది విరుగుతది."

"ఏందన్నా! ఇప్పుడే గద సరే అంటివి? నువ్వు, ఆ పిల్ల ఒక్కటైనరా?"

"లొల్లి చెయ్యకు. గీ గీత చూడు. చూసినంక గూడ కావాలంటె ఇంకొకని దగ్గరికి పో. నేనైతె ముట్ట."

మురళి గీతను చూశాడు. ఫోన్ తీసి, ఆదివారం వేరేవాళ్లను ముందుండమని చెప్పాడు.

దుర్గయ్య ఆ ఇనుప ముక్కను గుడ్డలో పట్టుకుని ఈసారి రోడ్డు పూర్తిగా దాటాడు. హిబా ఫోను లైటు వేసి గీతను దగ్గరగా చూసింది. ఆమె ముఖం పాలిపోయింది.

"వంపే చూసిన చాచా. ఇది నా కంటికి పడలే. ఎట్ల పట్టినవ్? నాకు నేర్పుతవా?"

'మీ అబ్బాను అడుగు' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఉస్తాద్ దగ్గర తను నేర్చుకున్న వాటిలో ఈ పిల్లకు తెలియనిది బహుశా ఇదొక్కటే. ఇది కూడా ఇచ్చేస్తే తన దగ్గర ఏం మిగులుతుంది? ఇషాక్ తల తిప్పి అతని వైపు చెవి పెట్టాడు.

"గాసునూనె ఉందా?" అన్నాడు దుర్గయ్య ముభావంగా. "ఒక గిన్నెల పొయ్. సుద్ద మెత్తగ నూరు. మెత్తగ అంటె మెత్తగ, గట్ల కాదు."

హిబా రెండుసార్లు తప్పు చేసింది. రెండుసార్లూ అతను కసిరాడు. మూడోసారి గీత తేలింది. ఆ అమ్మాయి సంతోషంతో చప్పట్లు కొట్టింది. దుర్గయ్యకు నవ్వు రాలేదు. అయితే ఉస్తాద్ చెయ్యి చాచి అతని మోచేతిని వెతికి పట్టుకుని, చాలాసేపు వదల్లేదు.

కొత్త ఆర్మ్ నాలుగో రోజు వచ్చింది. దుర్గయ్య బిగించాడు, హిబా కొలిచింది. మురళి దుర్గయ్యను పక్కన కూర్చోబెట్టుకుని హుస్సేనీ ఆలం సందుల్లో ట్రక్కు తిప్పాడు. ఇరుకు మలుపుల్లో కూడా టైరు కీచుమనలేదు.

"నువ్వు లేకుంటె నా బతుకు అడివిల పోతుండె అన్నా. నువ్వే పట్టినవ్," అన్నాడు మురళి.

దుర్గయ్య కిటికీలోంచి బయటికి చూశాడు. ఆ మాటను అలా వదిలేస్తే అడిగేవాళ్లు లేరు.

"వంపు పట్టింది హిబా," అన్నాడు చివరికి. అక్కడితో ఆపుదామనే అనుకున్నాడు. ఆగలేకపోయాడు. "పగులు పట్టింది నేను."