తిమ్మయ్య పేరు లేని ఆల్బం

అన్న కొడుకు భూపేష్ ఊరివాళ్ల మీద చేసిన కామెడీ ఆల్బంలో సర్పంచి ప్రసంగం, రేషన్ డీలరు తూకం, ఆఖరికి వాడి కన్నతల్లి చేసే బేతంచెర్ల బండలాంటి సంగటి కూడా ఉన్నాయి. ఫోను చెవికి ఆనించుకుని తిమ్మయ్య మూడుసార్లు విన్నాడు. తన పేరు ఎక్కడా లేదు. పరువు పోయినట్టనిపించి నేరుగా వాడింటికి నడిచాడు.

“ఏమిరా, నేనీ ఊర్లో మనిషిని కానా? వార్డు మెంబరుకు నిలబడి, ఊరందర్నీ పోలింగు బూతుకు తోలి, నా ఓటు నేనే ఏసుకోకుండా ఒక్క ఓటుతో ఓడిపోతి గదరా! ఇంతకన్నా నగుబాటు యాడుండాది?”

భూపేష్ నవ్వుతూ బల్లమీది ఫోను చూపించాడు. “నువ్వు గుమ్మంలోకి రాగానే రికార్డు నొక్కినా చిన్నాయనా. రెండో ఆల్బంలో మొదటిది ఇదే.”

తిమ్మయ్య కాసేపు గుర్రుగా చూసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“అది చెరిపెయ్‌రా. మీసం దువ్వుకోకుండా మాట్లాడినా. మళ్లా మొదట్నుంచి చెప్తా.”