కుంకుడు రసంలో కాలిఫోర్నియా కాసు

ఓడ డెక్కు మీద నడుస్తున్నాననుకుంటున్నాను, కాళ్ళ కింద మాత్రం మా కాకినాడ వంటింటి గచ్చే ఉంది, కిటికీలోంచి చూస్తే సముద్రానికి బదులు బురద వీధి, డేరాలు, బంగారం కోసం వాగులో ఇసుక కడుగుతున్న గడ్డాల మనుషులు. వాళ్ళ మధ్య నుంచి మా ఆయన శేషగిరి, కిందటేడు పోయిన మనిషి, ఓడ ఇంజనీరు యూనిఫాంలోనే తాపీగా నడిచి వచ్చి పీట వాల్చుకుని కూర్చుంటున్నారు. చేతిలో ఆ కాసు ఉంది.

శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో ఓడ ఆగినప్పుడు కొన్న కాసది. అక్కడ బంగారం బయటపడ్డ కొత్తల్లో, సర్కారు టంకశాల లేని రోజుల్లో ఎవరో కంసాలి తన పేరు వేసుకుని సొంతంగా కొట్టాడట. నల్లగా ఉందని, మా మొదటి శ్రావణ శుక్రవారానికే దాన్ని కుంకుడు రసంలో నానబెట్టి, బ్రష్షుతో తళతళలాడేలా తోమి, కలశం ముందు పెట్టాను. ఆ తర్వాత ఏటా అదే పని. ఆయన పోయాక పాత నాణేల వ్యాపారి చెప్పాడు, తోమి పాత నలుపు పోగొట్టిన కాసుకి అరుదైన నాణేనికిచ్చే ధర రాదని, కరిగించే బంగారం ధరకైతే తీసుకుంటానని. అప్పటినుంచి నాకు ఒకటే దిగులు.

"తోమకూడదని నాకు చెప్పలేదేమండీ?" అంటున్నాను. అడగడం ఇదే మొదటిసారైనా, అడిగి అడిగి అలిసిపోయినట్టుంది నా గొంతు.

"చెప్తే ఏం చేద్దువు? వదిలిన నలుపు మళ్ళీ పూద్దువా?"

"కనీసం తిట్టాల్సింది."

"తిడదామనే వచ్చాను. అప్పటికే హారతి వెలిగించేశావు."

వంటిల్లు మెల్లగా ఊగుతోంది. వాగు దగ్గర మనుషులు సామాను సర్దుకుని వెళ్ళిపోతున్నారు. టంకశాల వచ్చాక వాళ్ళ కాసులన్నీ కరిగించేశారని, మనది మాత్రం బతికి బట్టకట్టి ఏటా బొట్టు కూడా పెట్టించుకుందని ఆయన నవ్వుతుంటే నాకు ఒళ్ళు మండుతోంది.

"బాధపడ్డారా లేదా, అది చెప్పండి."

"పడ్డాను." కాసు తిప్పి చూస్తున్నారు. "కొన్నాళ్ళకి తగ్గేది. ఈలోగా మళ్ళీ శ్రావణం వచ్చేది."

ఏడుపొస్తోంది, ఏడవడానికి కూడా ఓపిక లేదు. "ఇవాళ ఆ నాణేల వ్యాపారి వస్తానన్నాడు. ఇచ్చెయ్యనా?"

"ఇచ్చెయ్యి. నువ్వు మాత్రం ఎన్నాళ్ళని కాపలా కాస్తావు? కడిగి మాత్రం ఇవ్వకు."

మెలకువ వచ్చింది. బాగా తెల్లారిపోయింది. వంటింట్లోకి వెళ్తే, వ్యాపారి చేతిలో శుభ్రంగా పెట్టాలని రాత్రి అలవాటు కొద్దీ నానబోసిన కుంకుళ్ళు గిన్నెలో ఉబ్బి ఉన్నాయి. పక్కనే కాసు, దాని మీది గద్ద బొమ్మ రెక్క సందులో పాత కుంకుమతో. దాన్ని అలాగే చీర చెంగున ముడేసుకుని, కుంకుళ్ళ గిన్నె తీసుకుని తలంటుకోవడానికి వెళ్ళాను.