కౌగిలి తర్వాత

అరుణాదేవి గారి నృత్యబృందానికి పంజాగుట్టలో ఒక మేడ మీద హాలు ఉండేది. రెండువేల నాలుగులో ఆవిడ ఎయిడ్స్ మీద ఒక నృత్యరూపకం కట్టి, బస్తీల్లోనూ హాస్టళ్లలోనూ ఉచితంగా ఆడించడం మొదలుపెట్టారు. కూచిపూడి నేర్చినవాళ్లనే కాదు, ఆడతామని వచ్చిన ఎవరినైనా చేర్చుకున్నారు. అలా వచ్చినదే మంగవ్వ. మధురానగర్‌లో ఇళ్లల్లో వంట చేసేది. శాస్త్రం తెలియదు గానీ, అడుగు వేస్తే తాళం తప్పేది కాదు.

ధాత్రి ఆ బృందంలో ముఖ్య నర్తకి, శ్రీనగర్ కాలనీ అమ్మాయి. ఆట అయ్యాక మైకు పట్టుకుని, "ముట్టుకుంటే రాదు, కలిసి తింటే రాదు" అని చెప్పే పని ఆమెదే. అప్పటికి నలభైసార్లు చెప్పి ఉంటుంది.

ఒక ఆదివారం ఎస్.ఆర్. నగర్‌లోని హాస్టల్లో ఆడారు. కంప్యూటర్ కోర్సులకు వచ్చినవాళ్లతో వరండా కిక్కిరిసిపోయింది. ధాత్రి మాట పూర్తి కాకముందే వెనకనుంచి ఒకతను లేచాడు.

"చెప్పడానికేముంది మేడమ్. మీ పక్కన అలాంటివాళ్లుంటే తెలుస్తుంది."

ధాత్రి మళ్లీ మైకు ఎత్తేలోగా మంగవ్వ ముందుకు వచ్చింది.

"నాకున్నది బిడ్డా. మూడేండ్లాయె. నా పెనిమిటి అంటించి పోయిండు. వీళ్లతోనే ఆడుతున్న, వీళ్లతోనే తింటున్న."

ఆ సంగతి అరుణాదేవి గారికి తప్ప బృందంలో ఎవరికీ తెలియదు. ధాత్రి గబగబా వెళ్లి మంగవ్వను కౌగిలించుకుంది. వరండా అంతా చప్పట్లు.

పది నిమిషాల తర్వాత ధాత్రి హాస్టల్ వెనక కుళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటోంది. ఒకసారి కడిగి, మళ్లీ రుద్దింది. మెడ కూడా కడుక్కుంది. మూడోసారి సబ్బు అందుకుంటూ తలెత్తితే, ఖాళీ నీళ్ల సీసాతో మంగవ్వ నిలబడి ఉంది.

"మేకప్ అండీ... జిడ్డు వదలడం లేదు" అంది ధాత్రి.

"కడుక్కో మేడం. తెలిసిన దినం నేను సుత గిట్లనే కడుక్కున్న. చేతులు పుండ్లు పడ్డయి."

సీసా నింపుకోకుండానే వెళ్లిపోయింది.

 ఆ వారమంతా రిహార్సల్లో మంగవ్వ ఎప్పటిలాగే ఆడింది, ఎవరితోనూ ఏమీ అనలేదు. ఆ మౌనమే ధాత్రిని కోసేసింది. చివరికి అమీర్‌పేట కమ్యూనిటీ హాల్లో ఆట అయ్యాక, మైకు పట్టుకుని కుళాయి దగ్గర తాను చేసిందంతా చెప్పేసింది.  ముందు వరసలో ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు. ఆ రోజు చప్పట్లు చాలాసేపు మోగాయి. ధాత్రికి గుండె తేలికపడింది.

మెట్ల మీద మంగవ్వ ఆగింది.

"తప్పు చేసిన అని నాకు చెప్పలె నువ్వు. వాళ్లకు చెప్పినవు. చప్పట్లు సుత నీకే వచ్చినయి."

 అప్పటిదాకా హాయిగా అనిపించిన ఆ తేలికతనమే ఇప్పుడు ధాత్రికి కుళాయి దగ్గర చేసినదానికంటే పెద్ద తప్పుగా కనిపించింది.

"మిమ్మల్ని ముట్టుకున్నానని భయపడ్డాను మంగవ్వగారూ. రానే రాదని ప్రతివారం చెప్పేదాన్ని నేనే. సిగ్గుగా ఉంది."

"ఉండనియ్యి" అంది మంగవ్వ, మెట్లు దిగుతూ.

మర్నాడు ధాత్రి అరుణాదేవి గారిని అడిగి ఆట అయ్యాక మైకులో చెప్పే పని మానుకుంది. మంగవ్వ మాత్రం ఒక్క ఆట కూడా మానలేదు. ధాత్రి పక్కనే ఆడేది, పలకరిస్తే పలికేది. అంతకుమించి ఒక్క మాటా పెంచేది కాదు. ధాత్రి కూడా అంతకంటే ఎక్కువ అడగలేదు.