లియూ సంతకం

సెలవుకు మా ఊరు రెడ్డియార్‌పాళయం వచ్చి ఫ్యాను కింద నడుం వాల్చిన రెండో రోజే ఆ మెయిలు వచ్చింది. నేను అతికిన పైపు ఒత్తిడి పరీక్షలో పగిలిందట. ఎందుకు పగిలిందో వెల్డరునైన నేనూ, దాన్ని తనిఖీ చేసిన లియూ మూడు రోజుల్లో వేరువేరుగా రాసి పంపాలట. తప్పు ఎవరిదని తేలితే వాళ్ళ ఉద్యోగం పోతుంది.

మా పని సముద్రాల అవతల. సూర్యుడిలోలాంటి వేడి పుట్టించి కరెంటు తీసే యంత్రాన్ని పది దేశాలు కలిసి కడుతున్నాయి. వాటిలో ఒకరి పొడ ఒకరికి గిట్టని దేశాలూ ఉన్నాయి. అందుకే అక్కడొక నియమం: ఒక దేశంవాడు అతికితే ఇంకో దేశంవాడు చూసి సంతకం పెట్టాలి. నాకు తగిలినవాడు చైనా లియూ. సరిహద్దు కొండల్లో మా సైనికులూ వాళ్ళ సైనికులూ కొట్టుకుని చచ్చిన ఏడు, గొడవలొస్తాయని పెద్దలు మా భోజనాల బల్లలు వేరు చేశారు. నాలుగో రోజు లియూ కంచం పట్టుకొచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. మాట్లాడుకుందామంటే మా ఇద్దరికీ కలిసిన భాష ఏడ్చిందెక్కడ? అయినా ఆ రోజే నాకు అన్నం సహించింది.

పైపు ఎందుకు పగిలిందో నాకు తెలుసు. దాన్ని అతికిన రోజు సాయంత్రమే ఇంటికి నా విమానం. ఒక వరస అతికాక అది చల్లారేదాకా ఆగి రెండోది వెయ్యాలి. నేను ఆగలేదు. లియూ వేడి కొలిచి ఆగమని సైగ చేశాడు. నేను దణ్ణం పెట్టి గడియారం చూపించాను. ఇంటికెళ్ళే మనిషి తొందర అతనికీ తెలుసు. సంతకం పెట్టేశాడు.

అక్క మొగుడు ముకుందన్ టీకి వచ్చి, సంగతంతా విని తేల్చేశాడు.

"దీంట్లో యోసన ఏంది కార్తీ? సరేనని సంతకం పెట్టింది ఆ చైనావాడు గదా! వాని మిందనే పడనీ. వాడేమన్నా మన సొంతమా?"

"వాడు ఆగమనే చెప్పినాడు బావా. నేనే ఇనలా."

"అది మీ ఇద్దురికి తప్ప ఎవురికి తెలుసు?"

నా భార్య లోగనాయకి గ్లాసులు తీస్తూ, "ఉండేది ఉండేట్టు రాసి పారేయండి. నిద్దర లేకుండా ఎన్నాళ్ళుంటారు?" అంది.

రాయలేదు. పదిహేనేళ్ళ పరాయి చాకిరీతో ఒళ్ళు హూనమైంది, ఈ వయసులో ఇంకోచోట పని వెతుక్కునే ఓపిక లేదని నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి అది భయం. గడువు దాటాక, నాలుగో రోజు మధ్యాహ్నానికి గానీ నాకు సిగ్గు రాలేదు. తప్పు నాదేనని రాసి పంపాను.

పది నిమిషాల్లో జవాబు వచ్చింది. మొదటి రోజే లియూ తప్పంతా తనదేనని, వెల్డరుది ఏమీ లేదని రాసిచ్చాడట. నా నుంచి మాట రాకపోయేసరికి అదే నిజమనుకుని నిన్న గడువు ముగియగానే అతన్ని ఇంటికి పంపేశారట. ఫైలు మూసేశాం, మళ్ళీ తెరవం, సెలవు కాగానే పనిలోకి రండి అని ఉంది.

"చూసినావా, సామే కాపాడినాడు!" అన్నాడు బావ. నాకు ఆయన మొహం చూడబుద్ధి కాలేదు. ఆయన్ని అనడమెందుకు, నా మొహమే నాకు చూసుకోబుద్ధి కాలేదు.

లియూ చిరునామా ఇమ్మని ఆఫీసుకు మళ్ళీ రాశాను. మనుషుల సొంత వివరాలు బయటికి ఇవ్వకూడదట. ఐదేళ్ళు కలిసి పనిచేశాం. అతని ఊరి పేరైనా నేను ఎన్నడూ అడగలేదు.